చెడిపోయిన ఫొటో ఒకటి తెండి

ఏలూరు పవరుపేటలో కెమెరాలు బాగుచేసే ఆయన కొట్లో వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒకే ఒక్క స్టూలు ఉండేది. ఇనప స్టూలు, ఒక కాలి కింద మడిచిన అట్టముక్క. దాని మీద ఎవరు కూర్చుంటే వాళ్ళ కెమెరాయే ఆయన చూసేవారు. మిగిలినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా బయట అరుగు మీద నిలబడాల్సిందే. పోయిన నెల నేను వెళ్ళేసరికి ఆ స్టూలు మీద గాజుల పెట్టెలు పేర్చి ఉన్నాయి.

"ఆయన లేరండి. ఇరవై రోజులైంది" అన్నారు ఆయన భార్య, కొట్టు ముందు భాగంలో రిబ్బన్లు సర్దుతూనే.

అయ్యో అన్నాను. అలా అనాలి కాబట్టి అన్నాను. నిజం చెప్పాలంటే నాకేమీ అనిపించలేదు. కిందటేడు మా ఆవిడ పోయినప్పట్నించి నాకు ఏ కబురు విన్నా ఇంతే. కాలేజీలో ఎవరికో ప్రమోషన్ వచ్చిందన్నా, ఎవరింట్లోనో పోయారన్నా ఒక్కలాగే తలూపుతున్నాను. ఆయన విషయంలోనూ అలాగే ఊపాను. అరుగు దిగబోతూ, వచ్చిన పని గుర్తొచ్చి ఆగాను. నేను ఆ రోజు ఏలూరు వెళ్ళింది ఆయన్ని ఒక మాట అడగడానికి. కొత్త కెమెరా కొనాలా వద్దా అని.

నేను తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. సెలవు దొరికితే కొల్లేరు పోయి పక్షుల ఫొటోలు తీసే పిచ్చి ఒకటుండేది. ఎనిమిదేళ్ళ కిందట ఓ వానలో కెమెరా తడిసింది. తడిసిన ఫోను బియ్యంలో పెడితే బాగవుతుందని ఎవరో చెప్పారు కదా అని, కెమెరాని తీసుకెళ్ళి మా ఇంటి బియ్యం డబ్బాలో పీకలదాకా పాతేశాను. గూడెం మిల్లుల దగ్గర తెచ్చుకున్న ముతక బియ్యం అవి. మూడో రోజు తీస్తే చెమ్మ పోయిందిగానీ, సందుసందునా తవుడు పట్టేసింది. మీట నొక్కితే కరకరమంటోంది. అప్పుడే మొదటిసారి ఆ స్టూలెక్కాను.

ఆయన తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని, కెమెరా అందుకుని, విప్పడానికి ముందు వాసన చూశారు. ఎవరి కెమెరా అయినా ముందు వాసన చూడ్డం ఆయన అలవాటు. తర్వాత ఎడమకన్ను మూసి నా వంక చూశారు.

"కెమెరాకి అన్నం పెట్టారా అండి?"

నేను సిగ్గుపడ్డాను. ఆయన నవ్వలేదు. మీరొక్కరే కాదు, ఈ జిల్లాలో ఏటా వానలప్పుడు నలుగురైనా ఇలాగే పట్టుకొస్తారని చెప్పారు. మనకి బియ్యం మీద అంత నమ్మకం అన్నారు. ఆ తవుడంతా సన్న కుంచెతో తుడిచి, రబ్బరు బుడగతో ఊది ఊది, సాయంత్రానికి తేల్చారు.

ఆ ఎడమకన్ను మూయడం గురించి చెప్పాలి. నలభై ఏళ్ళు కెమెరాల్లోంచి చూసీ చూసీ, మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా ఆయనకి ఒక కన్ను దానంతటదే మూసుకుపోయేది. ఎదటివాళ్ళకి తమని అనుమానిస్తున్నాడేమో అనిపించేది. ముందు భాగంలో రిబ్బన్లూ గాజులూ అమ్మే ఆయన భార్య "కన్ను తెరవండి, ఆయన మనిషి" అని అరిచేవారు. ఆయన ఠక్కున తెరిచి, మళ్ళీ రెండు మాటలయ్యాక మూసేసేవారు.

వాళ్ళది వ్యాపారస్తుల కుటుంబం. అన్నదమ్ములంతా బియ్యం, నూనెల హోల్‌సేలు చేస్తుంటే ఈయనొక్కడూ స్క్రూలు పట్టుకున్నాడని వాళ్ళవాళ్ళకి కొంచెం చిన్నచూపు. కొట్టు బోర్డు మీద వాళ్ళ నాన్నగారి కాలం నాటి ఫ్యాన్సీ స్టోర్స్ పేరే ఉండేది. ఆయన పేరు నేను అడగలేదు. ఏవండీ అంటే పలికేవారు. ఆయనా నన్ను మాస్టారూ అనేవారు తప్ప నా పేరు అడగలేదు. ఇప్పుడు ఆవిడని అడిగితే చెబుతారుగానీ, ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకని ఊరుకున్నాను.

ఆయనకి రెండు పద్ధతులుండేవి. వాటిని ఎవరికోసమూ మార్చుకోలేదు.

మొదటిది, కొత్త కెమెరా కొనమంటారా అని ఎవరు అడిగినా ఒకటే జవాబు. "మీ కెమెరా మూలంగా చెడిపోయిన ఫొటో ఒకటి తెండి. చూసి చెబుతాను." వినడానికి చాలా తేలిక. నల్లజర్ల నుంచి ఒకాయన, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు, అలాంటి ఫొటోలు కార్డు నిండా తెచ్చి స్టూలెక్కాడు. కొత్తది కొని తీరాలని ముందే నిశ్చయించుకుని వచ్చినట్టు మొహంలోనే తెలుస్తోంది. ఆయన ఒక్కో ఫొటో దగ్గరా ఆగి, బొమ్మకన్నా ముందు పక్కనున్న అంకెలు చూసేవారు. ఎంత వేగంతో తీశారో, ఎంత వెలుతురు రానిచ్చారో కెమెరా ప్రతి ఫొటోతో పాటూ రాసిపెట్టుకుంటుంది కదా, అవి. చూసి, ఇది ఫ్లాష్ బ్యాటరీ తప్పండి అనీ, ఇది పంతులుగారు తొందరపెట్టారండి అనీ, ఇది మీరు పెళ్ళికూతుర్ని వదిలేసి వడ్డన వైపు చూశారండి అనీ మెల్లగా చెప్పుకుంటూ పోయారు. ఒక్కదాంట్లోనూ కెమెరాని దోషిని చెయ్యలేదు. ఆ నల్లజర్ల ఆయన కోపంగా వెళ్ళిపోయి, బెజవాడలో కొత్తది కొనుక్కుని, దాన్ని రిపేరుకి మళ్ళీ ఇక్కడికే తెచ్చాడు.

నేనూ ఏడాదికోసారి వెళ్ళి ఓడిపోయి వచ్చేవాణ్ణి. మా పక్షుల గుంపులో వాళ్ళంతా కొత్తరకం కెమెరాలు కొనేశారు. అవి పక్షి కన్ను ఎక్కడుందో వాటంతటవే వెతుక్కుని పట్టుకుంటాయి. నాది మనం వెతికిపెట్టాలి. ఓసారి గూడబాతు నీళ్ళమీంచి లేచేటప్పుడు తీసినవి ఒక పదిహేను పట్టుకెళ్ళాను. అన్నింట్లోనూ పక్షి సగమే ఉంది.

"లేచాక నొక్కారండి. లేవబోయే ముందు అది రెట్ట వేస్తుంది కదండి, బరువు దించుకోడానికి. అప్పుడు నొక్కాలి. జువాలజీ మాస్టారికి నేను చెప్పాలా అండి?"

ఆయన ఎప్పుడూ కొల్లేరు చూడలేదు. గంట ప్రయాణం, అయినా వెళ్ళలేదు. కొట్టు ఎవరు చూస్తారండి అనేవారు. నేను రమ్మన్నాను, మా ఆవిడా రమ్మంది. కొల్లేరు పక్షులన్నింటినీ ఆయన మా కెమెరాల వెనకున్న మూడంగుళాల తెరల మీదే చూశారు. అక్కడినుంచే నాకు పాఠం చెప్పారు. మరుసటి వారం వెళ్ళి చూస్తే ఆ మాట నిజమే. పుస్తకాల్లో నేను చదివి పిల్లలకి చెప్పని విషయం.

రెండో పద్ధతి, పని అయ్యాక చెక్ ఫొటో. బాగుచేసిన ప్రతి కెమెరాతో ఆయన ఒకే ఒక ఫొటో తీసేవారు. స్టూలు మీద కూర్చున్న ఆ కెమెరా యజమానిని. నవ్వమనీ, ఇటు చూడమనీ చెప్పేవారు కాదు. నొక్కి, తాను మాత్రం చూసుకుని, మూతపెట్టి ఇచ్చేసేవారు. గోడని తీస్తే సరిపోదా అని అడిగాను. "గోడ ఎప్పుడూ బాగానే వస్తుందండి. మనిషిని తీస్తేనే కెమెరా సంగతి తెలుస్తుంది" అన్నారు. అలా మా ఇంట్లో కంప్యూటర్లో పక్షుల మధ్య అక్కడక్కడా, స్టూలు మీద దిక్కులు చూస్తూ నేను. బద్ధకం కొద్దీ తీసెయ్యలేదు. మా ఆవిడ అవి చూసి, డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చున్నట్టున్నావు అని ఆటపట్టించేది.

మా ఆవిడ గుండుగొలనులో ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఇంట్లో, బళ్ళో, చర్చిలో ఎప్పుడూ ఏదో ఒకదానికి నవ్వే మనిషి. అయితే ఎవరైనా కెమెరా ఎత్తితే చాలు, ఆధార్ కార్డు మొహం పెట్టేసేది. పెదాలు బిగించి, మెడ నిలబెట్టి. పెళ్ళి ఫొటోల నుంచీ అంతే. పక్షులని తీసే మొగుడై ఉండి నన్నొక్కటి సరిగ్గా తియ్యలేకపోయావని దెప్పేది. దొంగచాటుగా తీద్దామని చూస్తే ఎలా తెలిసేదో తెలిసిపోయేది.

ఒక్కసారి దొరికింది. ఆటపాకలో, చెక్క వంతెన మీద, మంచు పట్టిన ఉదయం. నేను స్టాండు మీద కెమెరా పెట్టుకుని, ఎగిరే గూడబాతుల వెంట తిప్పుతూ, వెనకున్న చెట్లన్నీ గీతల్లా సాగేటట్టు తీసే ప్రయోగంలో ఉన్నాను. దానికి మీట చాలా నిదానంగా పడేలా పెట్టుకోవాలి. మా ఆవిడ వెనకాల టిఫిన్ డబ్బా విప్పుతోంది. నెత్తిమీదుగా పోయిన పక్షి ఒకటి సరిగ్గా నా భుజం మీద రెట్ట వేసింది. ఆవిడ చట్నీ గిన్నె చేత్తో పట్టుకుని పగలబడి నవ్వింది. ఆ నవ్వులో కెమెరా సంగతి మరిచిపోయింది. నేను స్టాండు మీదున్నదాన్ని ఉన్నపళంగా అటు తిప్పి, జూమ్ వెనక్కి లాగి నొక్కాను. ఒక్కటే పడింది. రెండోదానికి మూతి బిగించేసింది. భుజం కడుక్కోవాలని కెమెరా సర్దేశాను.

ఇంటికొచ్చి చూస్తే మొహమంతా చెదిరిపోయి ఉంది. నేను వేగం మార్చడం మరిచిపోయాను. ఎగిరే పక్షి కోసం పెట్టిన అంకె మీదే నవ్వే మనిషిని తీశాను. పోనీలే, మళ్ళీ తీద్దాం అనుకున్నాను గానీ, పరీక్షల హడావిడిలో కెమెరా మళ్ళీ ముట్టుకోలేదు. మూడు నెలలకి ఆవిడకి జ్వరం వచ్చింది. ఐదో రోజున పోయింది.

చర్చిలో ఆదరణ కూడికకి ఫ్లెక్సీ వెయ్యాలి, ఫొటో ఇవ్వండి బావగారూ అని మా బావమరిది అడిగాడు. నా దగ్గర పక్షులవి వేలకి వేలు. ఆవిడవి వెతికితే అన్నీ ఆధార్ మొహాలే. అందులోదే ఒకటిచ్చాను. ఆరడుగుల ఎత్తున పెదాలు బిగించుకుని మా ఆవిడ, కింద బైబిలు వాక్యం. కూడికకి వచ్చిన ఆవిడ బడి పిల్లలు అది మా టీచరు కాదన్నట్టు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒక పాప వాళ్ళ అమ్మని అడిగింది, టీచరుగారికి కోపం వచ్చిందా అని. నాకు ఏడుపు రాలేదు. ఆ అంకె ఒక్కటే బుర్రలో తిరుగుతూ కూర్చుంది. వేగం మార్చే చక్రం ఒక్కసారి తిప్పి ఉంటే సరిపోయేది.

నెల తర్వాత కెమెరా తీసుకుని ఏలూరు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. దోషిని నేనేనని ఎవరో ఒకరు మొహం మీద చెబితే బాగుండునని వెళ్ళినట్టున్నాను. స్టూలు మీద కూర్చుని, చెడిపోయిన ఫొటో తెచ్చానండి అన్నాను.

ఆయన వాసన చూశారు. తెర మీద ఆ ఫొటో తెచ్చుకున్నారు. ఎప్పటిలాగే ముందు అంకెలు చూసే మీట నొక్కారు. నొక్కడం నేను చూశాను. అంకెలు కనిపించాయి, ఆయన చదివారు. తర్వాత బొమ్మ చూశారు. పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చాలాసేపు చూశారు. నేను చెప్పకపోయినా ఆయనకి కబురు తెలిసినట్టుంది. ముందు భాగంలో ఆవిడ రిబ్బను కొలవడం ఆపేశారు. ఆయన తలెత్తినప్పుడు రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి.

"ఇది కెమెరా తప్పేనండి, మాస్టారూ. పాతదైపోయింది. కొత్తది తీసుకోండి."

ఎనిమిదేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు, ఎవరితోనూ అనగా వినలేదు. అది అబద్ధమని ఆయనకి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. అలాగేనండి అని లేవబోయాను. ఉండండి అని, ఆ రోజు బాగుచేసిందేమీ లేకపోయినా, కెమెరా కంటికి ఆనించుకుని స్టూలు మీదున్న నన్ను ఒక ఫొటో తీశారు. చూసుకుని, మూతపెట్టి చేతిలో పెట్టారు. అలవాటు కొద్దీ తీశారనుకున్నాను.

ఆ కెమెరా సంచిలోంచి మళ్ళీ తియ్యలేదు. కొత్తదీ కొనలేదు. కొంటే ఆయన అబద్ధాన్ని పుచ్చుకున్నట్టు. కొనకపోతే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు. రెంటికీ ఓపిక లేక పది నెలలు గడిపాను. ఇప్పుడు సంవత్సరం దగ్గరపడుతోంది. జ్ఞాపకార్థ కూడికకి మళ్ళీ ఫ్లెక్సీ వేస్తామనీ, ఫొటో పంపమనీ బావమరిది ఫోన్ చేశాడు. మళ్ళీ పక్షులకి వెళ్ళండి బావగారూ, కొత్త కెమెరా తీసుకోండి, ఇలా ఎన్నాళ్ళుంటారు అని కూడా అన్నాడు. బెజవాడ షాపువాళ్ళు పాతది తీసుకుని కొత్తది ఇస్తామన్నారు. సరే, ఆఖరిసారి ఆయన్నే అడుగుదామని పోయిన నెల వెళ్ళాను. వెళితే స్టూలు మీద గాజుల పెట్టెలు.

అరుగు మీద ఆగిన నన్ను చూసి ఆవిడే అడిగారు.

"కొత్తది కొన్నారా అండి?"

లేదన్నాను.

"ఆయన అడుగుతుండేవారండి, ఆ గూడెం మాస్టారు కొన్నారో లేదోనని. కొనమని చెప్పి పంపాను గానీ, కొనకపోతే బాగుండునే అనేవారు. ఎందుకండీ అంటే చెప్పేవారు కాదు."

నాకూ తెలీదండి అని చెప్పి రైలెక్కాను.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి, ఇక అడగడానికి ఆయన లేరు కాబట్టి పాతది బెజవాడ షాపుకి ఇచ్చేద్దామనుకుని, ముందు కార్డులో ఉన్నవి దింపుకుందామని కూర్చున్నాను. ఆ కార్డులో చివరి ఫొటో నేను. స్టూలు మీద, వీధి వెలుతురు ఒక చెంప మీద పడుతూ. కాస్త చీకటిగా ఉందిగానీ ఎంత స్పష్టంగా వచ్చిందంటే, గడ్డంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాను. ఆయన అలవాటే నాకూ పట్టుకుని, అంకెలు చూశాను. అదే అంకె. ఆటపాకలో నేను మార్చడం మరిచిపోయిన వేగమే. నేను చక్రం ముట్టుకోలేదు కాబట్టి అది అలాగే ఉండిపోయింది. ఆయన చూసి కూడా మార్చకుండా, చెయ్యి కదలనివ్వకుండా దాంతోనే తీశారు.

దాని ముందు ఫొటో మా ఆవిడది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఇన్నాళ్ళూ ఆ ఫొటోలో మొహం తప్ప ఇంకేమీ చూడలేదు నేను. ఆవిడ వెనక వంతెన కర్ర ఉంది. దాని మీద మేకు తల, మేకు పక్కన తుప్పు మరక కూడా తేటగా ఉన్నాయి. టిఫిన్ డబ్బా మూత తేటగా ఉంది. ఆయన పెద్దది చేసి అటూ ఇటూ జరిపి చూసింది ఇదేనని అప్పటికి తెలిసింది. కెమెరా కదల్లేదు. నా చెయ్యీ కదల్లేదు. కదిలింది ఆవిడొక్కతే. అదే అంకెతో తీస్తే నేను ఇంత స్పష్టంగా ఎందుకు వచ్చానంటే, నాలో ఏదీ కదలడం లేదు గనక.

దుఃఖం అనేది ఏడాదిగా ఎక్కడ దాక్కుందోగానీ, అప్పుడు వచ్చింది. మా ఆవిడ కోసం వచ్చింది, వెనకే ఆయన కోసమూ వచ్చింది. సాయంత్రం బెజవాడ షాపుకి ఫోన్ చేసి వద్దని చెప్పాను. కెమెరాకి ఏమైనా కంప్లయింట్ ఉందా అండి అని అడిగారు వాళ్ళు. ఏమీ లేదండి, బాగా పనిచేస్తోంది అన్నాను.

సోమవారం కాలేజీ అయ్యాక గూడెంలో ఫ్లెక్సీ షాపుకి పెన్ డ్రైవ్ పట్టుకెళ్ళాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి ఫొటో తెరిచి, పెద్దది చేసి, నా వైపు తిరిగింది.

"షేక్ అయిందండి సార్. క్లియర్‌గా ఉన్నది ఇంకోటి లేదా అండి?"

"ఉన్నాయమ్మా. ఇదే వెయ్యండి."

"ఆరడుగులకి లాగితే మొహం అస్సలు తెలీదండి."

"పర్లేదమ్మా. వచ్చేవాళ్ళంతా తెలిసినవాళ్ళే."